కొండ మీది నుంచి వచ్చిన అక్షరాలు

ప్రెస్సులో సబ్బు పెట్టెల మీద వేసే లేబుల్ సరిచేస్తూ ఉండగా అక్క ఫోన్ మోగడం మొదలైంది. కాల్ కాదు, మెసేజ్‌లు. ఒకటొచ్చి ఊరుకుంటుందిలే అనుకుంటే దాని వెనకాలే ఇంకోటి, ఇంకోటి. బల్ల మీద ఫోన్ అదురుతూ అదురుతూ అంచు దాకా వచ్చేసింది. పక్కన కాగితాలు కోసే పెద్దాయన మిషన్ ఆపి చూశాడు.

"ఎవరమ్మా, అంత ప్రేమ ఒలకబోస్తున్నారు?"

"మా తమ్ముడు పనిచేసే చోటి నంబరు బాబాయ్," అంటూ అక్క తీసి చూసింది.

అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. పెద్దవి, చిన్నవి, మధ్యలో అంకెలు, అక్కడక్కడా ప్లస్ గుర్తు. ఎక్కడా ఖాళీ లేదు, చదవడానికి ఒక్క మాట లేదు. పిల్లి కీబోర్డు మీద పొర్లినట్టుంది. వాడికేమైనా మతి పోయిందా అనుకుంది.

తమ్ముడు గని కంపెనీలో కొలతలు చూసే పని చేస్తాడు. గనిలో రాయి కడగ్గా వచ్చే బురదంతా కొండల మధ్య పెద్ద మట్టికట్ట కట్టి నిలవ చేస్తారు. అందరూ దాన్ని చెరువు అంటారు గానీ అందులో కప్ప కూడా బతకదు. కట్ట ఎంత కదిలింది, లోపల నీళ్ళ ఒత్తిడి ఎంత ఉంది అన్నది చూసి పైకి తెలియజేయడం వాడి ఉద్యోగం. కట్ట చివర రాతిగుట్ట మీద వాడి గది. కట్ట కింద, లోయలో, పనివాళ్ళ క్వార్టర్లు నాలుగు వరసలు. అందులో పై నుంచి రెండో వరసలో మరదలు, పాప.

ఆ కొండల్లో సిగ్నల్ గాలివాటంగా ఉంటుంది. కింద క్వార్టర్లలో ఫోన్ మాటలు వినబడతాయి గానీ, గుట్ట మీది గదిలో మెషిన్ నుంచి మెసేజ్‌లు తప్ప ఏవీ పోవు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర తమ్ముడు అదే చెప్పాడు.

"మా లైను అక్షరాలు తప్ప ఇంకేమీ మొయ్యదే మొద్దూ. మెషిన్‌లో సరుకు ఉన్నదున్నట్టు పంపితే దార్లోనే సగం ముక్కలైపోతుంది. అందుకని మెషిన్ దాన్ని అక్షరాలుగా మార్చేస్తుంది. మూడు ముక్కల్ని నాలుగు అక్షరాలు చేస్తుంది. అక్షరాలంటే లైనుకి అభ్యంతరం లేదు, బుద్ధిగా మోసుకుపోతుంది. అవతలివాళ్ళు మళ్ళీ విప్పుకుంటారు."

"ఇంత తెలివి ఉన్నవాళ్ళకి ఒక టవరు పాతడానికి చేతులు రాలేదా బావమరిదీ?" అని అక్క మొగుడు వేళాకోళం చేశాడు. ఆయన మంచినీళ్ళ క్యాన్లు వేసే వ్యాను నడుపుతాడు. ఎవర్నైనా ఏడిపించనిదే అన్నం అరగదు.

ఇప్పుడు అక్క ఆ అక్షరాల్ని మళ్ళీ చూసింది. ప్రతి మెసేజ్ మొదట్లో ఒక అంకె, దాని పక్కన గీత. వరస సంఖ్య అన్నమాట. మొదటిది వెతికింది. స్లాష్, తొమ్మిది, జె, మళ్ళీ స్లాష్.

ఆ నాలుగూ ఆమెకి బాగా తెలుసు. ప్రెస్సుకి ఫోటోలు పంపేవాళ్ళ మెయిళ్ళు అప్పుడప్పుడూ చెడిపోయి, ఫోటో బదులు పేజీల కొద్దీ అక్షరాలు వస్తాయి. ఎవరి ఫోటో అయినా సరే, మొదలు మాత్రం ఇదే. స్లాష్ తొమ్మిది జె స్లాష్. అలాంటివి విప్పడానికి ఆమె కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం కూడా ఉంది.

తమ్ముడికి మతి పోలేదు. ఫోటో పంపుతున్నాడు.

లేబుల్ పక్కన పడేసి, మెసేజ్‌లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, వరస చూసుకుంటూ ఒకదాని కింద ఒకటి అతికింది. ఒత్తులు కూడా లేని ఆ అక్షరాలు అతకడం సులువే. విప్పితే తెర మీద సన్నటి పట్టీ కనబడింది. ఆకాశం. మబ్బు పట్టిన ఆకాశం. దాని కిందంతా బూడిదరంగు.

ఇలాంటి ఫోటో పైనుంచి కిందికి తెరుచుకుంటుంది. ఎన్ని అక్షరాలు చేరితే అంత మేర కనబడుతుంది. ఫోన్ మోగుతూనే ఉంది. అక్క అతుకుతూనే ఉంది. ఆకాశం కింద కొండ అంచు వచ్చింది. తరవాత కట్ట పైభాగం, ఇనప రెయిలింగు. రెయిలింగు తిన్నగా లేదు. బట్టలారేసిన తీగలాగా మధ్యలో కిందికి సాగి ఉంది.

అక్కడితో ఫోన్ నోరు మూసుకుంది.

అక్క తమ్ముడికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మరదలికి చేసింది. మామూలుగా అయితే ఆ పిల్ల ఫోనెత్తగానే కుళాయి దగ్గర గొడవ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోనివ్వదు.

"ఆఁ, చెప్పండి వదినా. మేమంతా బాగున్నాం. ఆయన డ్యూటీలో ఉన్నారు. పని ఎక్కువగా ఉందట. రెండు పూటలా అక్కడే ఉంటున్నారు."

కాగితంలో ఉన్నది చదివినట్టుంది.

"ఏమైందే? గొంతేమిటి అలా ఉంది?"

"ఏం లేదు వదినా. జలుబు."

అంతలో పాప ఫోన్ దగ్గరికొచ్చింది. "అత్తా, మా ఇంట్లో ఎవరో ఉన్నారు. నాన్న కుర్చీలో కూర్చున్నారు. లెమ్మంటే లేవట్లేదు."

"ఇటివ్వమ్మా, తప్పు," అంది మరదలు. ఫోన్ కట్టయింది.

కాసేపటికి తమ్ముడి సొంత ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది. ఈసారి చక్కటి తెలుగు. "అక్కా, మెషిన్ చెడిపోయి మీకు పిచ్చి మెసేజ్‌లు వెళ్ళాయి. అన్నీ తీసివేయండి. నేను క్షేమంగా ఉన్నాను. ఫోన్ చేయవద్దు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడు ఆమెని అక్కా అన్న పాపాన పోలేదు. మొద్దు, మహా అయితే మొద్దమ్మ. ఇక 'మీకు', 'తీసివేయండి' అట.

మొగుడికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన వ్యాను పక్కకి ఆపినట్టున్నాడు, హారన్లు దూరమయ్యాయి. వేళాకోళం ఒక్కటి కూడా రాలేదు.

"వాడి ఫోన్ ఇంకెవరి చేతుల్లోనో ఉంది," అన్నాడు. "నువ్వు దేనికీ జవాబివ్వకు. నేను వస్తున్నా."

ఆయన వచ్చేలోపే ఇంకో ఫోన్ వచ్చింది. కొత్త నంబరు. మెత్తటి గొంతు, గౌరవం ఉట్టిపడుతోంది.

"నమస్కారమమ్మా. నేను గని క్యాంపు ఆఫీసర్ని. మా కొలతల మెషిన్ నుంచి మీ నంబరుకి పొరపాటున ఏవో వెళ్ళాయట. చూశారా?"

అక్క ప్రెస్సులో రోజూ పదిమంది గుమ్మం ముందు నిలబడి అరుస్తుంటే నవ్వుతూ సమాధానం చెప్పే మనిషి. ఆ గొంతే అక్కరకొచ్చింది.

"అవేనా సార్? ఒకటే మోత, పని చేసుకోనివ్వకుండా! ఏదో చెత్త, ఎప్పుడో తీసిపారేశాను."

"మంచి పని చేశారు." కొంచెం ఆగాడు. "మీ తమ్ముడు బంగారంలాంటి కుర్రాడు. మీ మరదల్నీ పాపనీ నేను దగ్గరుండి చూసుకుంటున్నాను. మీరేం కంగారు పడకండి."

"కంగారెందుకు సార్," అంది అక్క. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో ఉన్న లేబుల్ కాగితం ఉండలా నలిగిపోయి ఉంది.

పొద్దు వాలుతుండగా, మొగుడూ పెళ్ళాలిద్దరూ తెర ముందు కూర్చుని ఆ వంగిన రెయిలింగు వైపే చూస్తుండగా, ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ అక్షరాలు. మళ్ళీ ఆ గది నంబరే. ఒకటి ఆగి ఒకటి, సిగ్నల్ దొరికినప్పుడల్లా, వరస తప్పి వస్తున్నాయి. ఆఖరుదాని చివర రెండు ఈక్వల్ గుర్తులున్నాయి. అంటే అక్కడితో అయిపోయిందని అర్థం.

"తమ్ముడే పంపుతున్నాడంటావా?" అన్నాడు మొగుడు.

"ఏమో. ఎవరూ పంపకుండానే వస్తున్నట్టుంది," అంది అక్క.

అతికి చూసుకుంటే మధ్యలో రెండు మెసేజ్‌లు లేవు. వాటి చోట అంతే పొడవున ఒకే అక్షరాన్ని వరసగా నింపింది. అలా నింపకపోతే ముక్క పోయిన దగ్గర్నుంచి అన్నీ జరిగిపోయి దేనికీ దేనికీ పొంతన ఉండదు. విప్పితే కింది సగంలో రంగులు చెడిపోయాయి, బొమ్మ పక్కకి జరిగింది. మట్టి ఊదాగా, గడ్డి గులాబీగా వచ్చింది. అయినా విషయం దాగలేదు.

కట్ట నడుమ పొడుగాటి చీలిక. చీలిక కింద తడి మరక, కొట్లాటలో పగిలిన తల నుంచి కారినట్టు, కింది దాకా ధార. ఆ చీలిక చుట్టూ మనుషులు చీమల్లా ఉన్నారు. చేతుల్లో ఇసక బస్తాలు. అందరికంటే కింద, ఫోటో అడుగున, క్వార్టర్ల కప్పులు. ఒక కప్పు మీద నీలం నీళ్ళట్యాంకు.

మొగుడు తెర మీద ఆ తడి మరక వెంట కింది దాకా వేలు జరిపాడు. క్యాన్లతో, ట్యాంకులతో బతికే మనిషి, నీళ్ళు కారడం అంటే ఏమిటో తెలుసు.

"బయట బస్తాలు పెడితే ఏం లాభం? లోపల్నుంచి తినేస్తోంది," అన్నాడు. "రాత్రిపూట ఆ గేటు ఎవరికీ తీయరు. తెల్లారగానే బయల్దేరదాం."

అక్క ఆ ఫోటోని కాగితం నిండా వచ్చేలా పెద్దది చేసి, కింద "కట్ట చీలింది. పిల్లల్ని తీసుకుని గట్టెక్కండి" అని లావుపాటి అక్షరాలతో వేసి, ఒక దొంతర కాపీలు తీసింది. కోసే పెద్దాయన ఏమీ అడక్కుండా అంచులు కోసిచ్చాడు.

తెల్లవారి వ్యానులో నిండు క్యాన్లు వేసుకుని వెళ్ళారు. కాగితాలు క్యాన్ల వెనక. గేటు దగ్గర కాపలావాడు ఆవలిస్తూ వచ్చాడు.

"ఇవాళ కొత్త మనిషివొచ్చావే?"

"పాతాయనకి నడుం పట్టేసింది," అన్నాడు మొగుడు. "నాక్కూడా పట్టేలోపు తలుపు తీస్తావా?"

వాడు నవ్వి తీశాడు.

మరదలి ఇంట్లో కుర్చీ ఖాళీగానే ఉంది. గుమ్మంలో మాత్రం ఒక మనిషి బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. అక్క అతన్ని దాటుకుని లోపలికెళ్ళి, మరదల్ని చూసి ఒక్కసారి గొల్లుమంది. "మీ అమ్మకి ప్రాణం మీదికొచ్చిందే! నీ పేరే కలవరిస్తోంది, కదులు!" మరదలు నిజమే అనుకుని ఏడుపు లంకించుకుంది. పాప ఇద్దర్నీ చూసి తనూ మొదలెట్టింది. ముగ్గురి ఏడుపుకీ బీడీ మనిషి బెదిరిపోయాడు.

"వెళ్ళి రండమ్మా, వెళ్ళి రండి, ఆఫీసరుగారితో నేను చెబుతాను."

వ్యానెక్కాక అసలు సంగతి చెబితే మరదలు ఏడుపు ఆపి, "ఆయనేరీ? ఆయన లేకుండా నేను రాను," అంది. నిన్న పొద్దున్నే మగవాళ్ళందర్నీ కట్ట మీదికి తోలుకుపోయి, మళ్ళీ ఇళ్ళకి రానివ్వలేదట. ఆయన్ని మాత్రం గదిలోంచి ఈడ్చుకుంటూ గుట్ట మీది సామాన్ల కొట్టు వైపు తీసుకెళ్ళడం ఎవరో చూశారట. కాగితాలు తనే చేతుల్లోకి తీసుకుంది. "వీళ్ళకి నేను చెబితేనే వింటారు."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి ఆ ఫోటో చూశారు. కొందరు నవ్వారు. "ఇదేం బొమ్మే, గులాబీ గడ్డేమిటి? ఎవడో ఆటపట్టిస్తున్నాడు." ఒక ముసలావిడ మాత్రం కాగితాన్ని ముక్కు దాకా పెట్టుకుని చూసింది.

"ఆ ట్యాంకు మాదే. మూత ఎగిరిపోతే మావాడు రేకు కట్టాడు. ఇదుగో, రేకు."

అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. అందరూ వెనక్కి తిరిగి పైకి చూశారు. కింద నుంచి చూస్తే కట్ట ఎప్పటిలాగే కొండంత ఉంది. కానీ దాని మీద మనుషులు పరిగెత్తుతున్నారు.

ఆఫీసరు వచ్చాడు. కోపంగా కాదు, నెమ్మదిగా, చెప్పులు టపటపలాడించుకుంటూ. కాగితం అడిగి తీసుకుని చూశాడు. "ఇది మన కట్ట కాదమ్మా. ఎక్కడిదో. చూడండి, రంగులే సరిగ్గా లేవు. సామాన్లు వదిలేసి గుట్టలెక్కితే దొంగలు ఊరుకుంటారా?"

"మరి మా తమ్ముడెక్కడ సార్?" అంది అక్క.

ఆయన ఆమె గొంతు గుర్తుపట్టాడు. మొహంలో ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. "తీసిపారేశానన్నారుగా," అన్నాడు, అంతే మెత్తగా.

పై రెండు వరసలవాళ్ళు కదిలారు. మూటలు, పిల్లలు, ఒకావిడ పొయ్యి మీది కూర గిన్నెతో సహా, ఎదుటి గట్టు మీదికి దారి పట్టారు. ముసలావిడని వ్యానులో ఎక్కించారు. నడవలేనివాళ్ళతో, పసిపిల్లలతో వ్యాను నిండిపోతే మొగుడు క్యాన్లన్నీ బయట పారేశాడు. కింది వరసలవాళ్ళు చాలామంది గుమ్మాల్లోనే నిలబడి చూస్తూ ఉండిపోయారు. ఆఫీసరు వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఒకరి అరుగు మీద కూర్చుని, ఏం కాదని చెబుతూనే ఉన్నాడు.

వ్యాను గట్టు మలుపు తిరిగేసరికి చప్పుడైంది. ఎవరో లారీలో కంకర దించినట్టు. మొగుడు బండి ఆపాడు. అందరూ దిగి చూశారు. కట్ట నడుమ మట్టి ముందుకి ఉబ్బి, ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఆ తరవాత చెరువు నడిచి వచ్చింది. నీళ్ళలా దూకలేదు. ముద్దగా, నిదానంగా, తొందరేం లేనట్టు దిగి, కప్పుల్ని ఒక్కొక్కటే కప్పుకుంటూ పోయింది. అరుపులు వినబడ్డాయి. తరవాత వినబడలేదు. అక్క పాప మొహాన్ని తన పొట్టకి అదుముకుంది.

ఆఫీసరు ఆ అరుగు మీదే పోయాడు. నమ్మే చెప్పాడో, చెప్పీ చెప్పీ నమ్మాడో ఎవరికీ తెలియదు.

తమ్ముడు బతికాడు. రాతిగుట్ట మీది కొట్టు కదల్లేదు. తాళం పగలగొట్టి తీసేసరికి వెంటిలేటరు చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా అక్కడి నుంచే చూశాడు. చువ్వల నుంచి వేళ్ళు విడదీయడానికి బావకి చాలాసేపు పట్టింది. కట్ట మీద బస్తాలు మోసినవాళ్ళలో వాడి స్నేహితులు ఎవరూ మిగల్లేదు.

అక్క ఇంట్లోనే ఉంటున్నారు ముగ్గురూ. కొన్ని వారాలు తమ్ముడు గది దాటలేదు. ఒక సాయంత్రం అడక్కుండానే చెప్పాడు. ఆ ఫోటో ముందు ఆమెకి పంపలేదట. ఉత్తి మాటైతే కొట్టిపారేస్తారని, ప్రభుత్వంలో గనుల భద్రత చూసే ఆఫీసుకి ఫోటోనే పంపాడట. కొలతలు రోజూ వాళ్ళకి అలాగే వెళతాయి, విప్పుకుంటారనుకున్నాడు. అక్కడి గుమాస్తా ఆ అక్షరాలు చూసి, కొలతల్లా లేవే, పాపం మెషిన్ చెడిందేమో అనుకుని, బాగుచేయించుకోమని కంపెనీకే ఫోన్ చేశాడు. తమ్ముడికి ఆ సంగతి తెలియదు. జవాబు రాకపోయేసరికి అక్కకి మొదలుపెట్టాడు. సగంలో ఉండగా ఆఫీసరు మనుషులు తలుపు తన్నారు. స్క్రీన్ మీద అక్క నంబరు చూసి, దాన్ని ఆర్పేసి, మెషిన్ ఆపేశామనుకుని వాణ్ణి లాక్కుపోయారు. చీకటి గదిలో మెషిన్ తన పని తాను చేసుకుంటూనే ఉంది.

"నీకే ముందు పంపి ఉంటే ఒక పూట కలిసొచ్చేదే మొద్దూ," అన్నాడు. అక్క వాడి కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

ఆ గుమాస్తా ఒక రోజు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. గుమ్మం బయటే నిలబడి, "ఆ ఫోన్ చేసింది నేనేనండీ," అన్నాడు. మరదలు లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు లేచి గుమ్మం దాకా వెళ్ళి, "లోపలికి రండి," అన్నాడు.

అతను కూర్చోలేదు. "కొండకి అవతల వాళ్ళదే రెండో చెరువుంది. దాని కింద కూడా ఇళ్ళున్నాయి. మా ఆఫీసులో అడిగితే అది కొత్త కట్ట, ఏం కాదంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరొకసారి వచ్చి చూస్తారా?"

మరదలు వంటింట్లోంచే, "మీరు వెళ్ళడానికి వీల్లేదు," అంది. తమ్ముడు అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. అక్క చెప్పులేసుకుంది. బావ వ్యాను తాళాలు తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి అక్కడికి చేరారు. కొత్త ఇళ్ళు, కొత్త సున్నం. వెనకాల కట్ట ఎండలో తెల్లగా, గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఆడవాళ్ళు నీడలో కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. వీళ్ళ మాట విని, "మాది పాతది లాంటిది కాదులెండి," అని నవ్వారు.

తమ్ముడు వాళ్ళని దాటుకుని కట్ట పాదం దాకా నడిచాడు. అక్కడ వీధికుక్క ఒకటి తల వంచి నీళ్ళు తాగుతోంది. దగ్గర్లో కుళాయి లేదు, వాన పడి నెలైంది.

తమ్ముడు వెనక్కి తిరిగి గట్టిగా అడిగాడు. "ఈ నీళ్ళు ఎప్పట్నుంచి ఉన్నాయమ్మా?"

ఒకావిడ లేచి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నిన్న లేవే," అంది.